బంగళా కాయలు

మొదట చేతిలో ఉన్నవి పదకొండు గింజలు. బూడిదలో పొర్లించి, పాత కాగితంలో పొట్లం కట్టి, బంగళా తోటలో పనిచేసే జోజప్ప పెరటి గోడ అవతలి నుంచి అందిస్తే ఆదిశేషయ్య వాటిని అరచేతిలో పోసుకుని వేలికొసతో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఒక్కసారే లెక్కపెట్టి ఊరుకున్న సరుకు ఆయన నలభై ఆరేళ్ళ బతుకులో లేదు. నువ్వుగింజకన్నా పలచన, మీద సన్నటి నూగు, ఊపిరి తగిలితే ఎగిరిపోయేలా ఉన్నాయి. వీటికి బదులు ఒక వీశె చింతపండు ఇచ్చాడు తను. తిరువూరు బజారులో చింతపండు కొట్టు పెట్టుకున్నవాడు పదకొండు నూగు గింజలకు వీశె చింతపండు తూచి ఇచ్చాడని తెలిస్తే పక్క కొట్టువాళ్ళు నెలరోజులు నవ్వుకుంటారని ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. అది లాభమో నష్టమో ఇవాళ, ఇంకో అరగంటలో తేలిపోతుంది. పుష్యమాసపు మధ్యాహ్నం ఎండ నెత్తిమీద వెచ్చగా ఉంది, కింద బావి చప్టా చల్లగా ఉంది, ఆయన ఇంటివైపు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక, వంటింటి పక్కగదిలో, అమ్మ కోటేశ్వరమ్మ విస్తరి ముందు కూర్చుంది.

అమ్మ భోంచేసేటప్పుడు మాట్లాడదు. మొదటి ముద్ద ఎత్తిన దగ్గర్నుంచి చెయ్యి కడుక్కునేదాకా మౌనం. నాన్న పోయాక పట్టిన నియమం కాదు, అంతకు ముందునుంచీ ఉన్నదే. ఏం కావాలన్నా ఎడమచేతి వేలి కణుపుతో పక్కనున్న ఇత్తడి చెంబు మీద కొడుతుంది. ఒక దెబ్బ కొడితే తింటున్నదే మళ్ళీ వడ్డించమని. రెండు కొడితే ఇక చాలు, మజ్జిగ పొయ్యమని. కోటేశ్వరమ్మగారింట్లో పుట్టినవాళ్ళకైనా, కాపురానికొచ్చినవాళ్ళకైనా ముందు వచ్చేది ఈ లెక్కే. ఆదిశేషయ్య ఒకటి, రెండు అనడం బడిలో నేర్వలేదు, మజ్జిగ గిన్నె రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించి నేర్చుకున్నాడు. ఒకటా, రెండా? తొందరపడి ఒక దెబ్బకే మజ్జిగ పోసేసిన రోజు అమ్మ ఏమీ అనలేదు, అనడానికి మౌనం కదా, కానీ ఆ చూపు ఇప్పటికీ వీపుమీద ఎక్కడో ఉంది. రెండోది వస్తుందో రాదో ఆగి చూడాలి. బేరంలోనూ అంతే, అవతలివాడు ఒక మాట అన్నాక రెండో మాట కోసం ఆగినవాడే నిలిచాడు. తను నిలిచాడు. కానీ నాలుగు నెలలుగా ఈ ఇంట్లో ఆగి వినడానికి ఏమీ లేదు. అమ్మ నాలుగు మెతుకులు కలుపుతుంది, ఠంగు ఠంగు. రెండే. వెంటవెంటనే. రాత్రిళ్ళు ఆవిడ అన్నం ముట్టదు, ఏదో ఇంత అటుకులో పాలో. రోజు మొత్తానికి ఉన్నది ఈ ఒక్కపూట భోజనమే, దాంట్లోనూ రెండు దెబ్బలే. జ్వరంలో మంచం మీంచి ఎత్తి పక్క మార్చినప్పుడు చేతులకి తెలిసింది, బస్తాలెత్తిన చేతులు, వాటికి కాటా అక్కర్లేదు. నాలుగు మణుగుల మనిషి మూడున్నరకి దిగింది. మెడలో తులసిపూసలు ఎప్పుడూ ఎముక మీద కూర్చుని ఉండేవి, ఇప్పుడు రొమ్ము మీదికి జారి ఊగుతున్నాయి. పూసలు పెరగలేదు కదా.

పోపు వాసన. ఆవాలు చిటపటమన్నాయి, ఇంగువ, మెంతి. భార్య కనకలక్ష్మి చేతిగాజులు రోటి దగ్గర్నుంచి పొయ్యి దగ్గరకి, పొయ్యి దగ్గర్నుంచి విస్తరి దగ్గరకి నడుస్తున్నాయి. ఇంకా వడ్డన అవలేదు. తిరిగి చూడకూడదు. తినేటప్పుడు ఎవరైనా చూస్తే అమ్మ లేచిపోతుంది, ఈ మధ్య మరీను. "నువ్వు తినకుండా నేనెలా కూర్చుంటాన్రా" అని అడిగితే, కొట్లో బేరం ఉందమ్మా, ఆలస్యమవుతుంది, నువ్వు కానియ్ అని అబద్ధం చెప్పి వీధి గుమ్మంలోంచి వెళ్ళి సందు తిరిగి దొడ్డి తలుపులోంచి వచ్చి కూర్చున్నాడు, సొంత ఇంట్లో దొంగలాగా. గేదె మాత్రం చూసింది. నెమరేస్తోంది. దాని మూతికి ఒకపక్క ఎర్రటి తొక్క ఒకటి అంటుకుని ఉంది. ఈ ఇంట్లో టమాటా మొట్టమొదట తిన్నది ఎవరయ్యా అంటే ఇదిగో, ఇదీ. నవ్వు వచ్చింది, బొడ్డు దగ్గర్నుంచి, పళ్ళ బిగువున ఆపుకున్నాడు.

వైద్యుడు శేషాచలంగారి మాట మీద మొదలైంది ఇదంతా. భాద్రపదంలో జ్వరం దిగాక నాడి పట్టుకుని, కీళ్ళు నొక్కి చూసి, "చింతపండు పేరెత్తకు ఆదిశేషయ్యా, ఆర్నెల్లు. గోంగూర అసలే వద్దు" అన్నాడు. ఎవరితో అన్నాడు, ఎవరి గురించి అన్నాడు! చింతపండు మీద బతికిన ఇంట్లో, చింతపండుతో తెల్లారే మనిషికి. నాన్న కొట్టు పెట్టిన కొత్తలో కొండల వైపు నుంచి బళ్ళ మీద వచ్చిన కాయంతా ఈ పెరట్లోనే పోసేవారు. అమ్మ ముంగాళ్ళ మీద కూర్చుని ఒలిచేది, పెంకు ఒకవైపు, నార ఒకవైపు, గింజ ఒకవైపు. వేళ్ళు నల్లబడి, గోళ్ళ పక్కన పగిలి మండుతుంటే బావి నీళ్ళలో ముంచి మళ్ళీ కూర్చునేది. పనయ్యాక కొత్త చింతపండు ఇంత ముద్దచేసి, ఉప్పూ కారం అద్ది, పుల్లకి గుచ్చి చేతికిచ్చేది. దవడల వెనకనుంచి నీళ్ళు ఊరి కళ్ళు మూసుకుపోయేవి. ఇప్పటికీ కొట్లో కొత్త సరుకు దిగితే రుచి చూడ్డం అందుకే, నాణ్యం కోసం అని గుమాస్తాకి చెబుతాడు గానీ. ఆ చేతులకి ఇక పులుపు లేదట.

"పులుపు లేకపోతే మా అమ్మకి ముద్ద దిగదండీ," అన్నాడు వైద్యుడితో. "నిమ్మకాయ పిండితే జ్వరం వాసనంటోంది. పెనుగొలను నుంచి చుక్కకూర తెప్పించాను, రెండురోజులు తిని మూడోనాడు మొహం తిప్పుకుంది. మామిడి పిందె చూద్దామంటే ఇంకా అయిదు నెలలు."

"ట్రావెలర్స్ బంగళాలో అధికార్ల కోసం వేస్తారే, టమాటాలని. అది పెట్టి చూడు. దాని పులుపు మెత్తన. మా శాస్త్రంలో లేదనుకో. మా అల్లుడు గుంటూర్లో రెండేళ్ళుగా తింటున్నాడు."

"ఏమీ కాలేదాండీ?"

"ఏమైంది? మొన్న వచ్చి పద్నాలుగు గారెలు తిన్నాడు."

అమ్మకి చెబితే మంచం మీద లేచి కూర్చుంది, నెలరోజుల్లో అంత చురుగ్గా లేవలేదు. "ఆ బంగళా కాయలా? పళ్ళెంలో కోసిన ముక్కలు చూశాన్రా. ఎర్రగా, నీళ్ళు కారుతూ, మాంసం ముద్దల్లాగా. ఆ రంగు నా వంటింటి గడప దాటిందంటే నేను బయటికి పోతా." వాదించడం ఆయన పద్ధతి కాదు. కొననన్నవాడికి సరుకు గొప్ప చెబితే ఇంకా దూరం జరుగుతాడు. సరుకు వాడి ఒళ్ళో పెట్టి, కాస్త చూస్తుండండి ఇప్పుడే వస్తా అని పక్కకి తప్పుకోవాలి. తప్పుకున్నాడు. "తినమని ఎవరన్నారమ్మా? అమ్మకానికి. బంగళా వంటవాడు ఎన్నయినా తీసుకుంటానన్నాడు. పెరట్లో బావినీళ్ళు వృథాగా పోతున్నాయి కదా అని." అమ్మ దుప్పటి సర్దుకుంది. "అమ్మకానికైతే వేరు," అంది. మళ్ళీ కాసేపటికి, "ఎన్ని మొక్కలు?" అంది. అప్పుడే ఆయనకి సగం బేరం అయిందనిపించింది.

విస్తరి మీద నీళ్ళు చల్లిన చప్పుడు. వడ్డన మొదలైంది. అన్నం. నెయ్యి. ఇప్పుడు పచ్చడి. కనకలక్ష్మి గాజులు ఆగాయి. చెవులు వీపుకి మొలిచినట్టుంది. ఒక కాకి గోడమీద వాలింది, ఛీ, ఇప్పుడే అరవాలా, చెయ్యి ఊపాడు, పోయింది. నిశ్శబ్దం. కలుపుతోంది. అమ్మ కలపడం ఆయనకి తెలుసు, అన్నం మెతుకు చితక్కుండా, వేళ్ళ చివర్లతో, చింతపండు పిసికే చేతికి అంత మృదువు ఎక్కణ్ణుంచి వచ్చిందో. తింటోందా, ఊరికే కలుపుతోందా?

పదకొండులో తొమ్మిది మొలిచాయి. మొలవనివి రెండు, అది ముందే అనుకున్న నష్టమే. ఒకదాన్ని పురుగు కొరికింది, ఎనిమిది. దసరా వెళ్ళాక బావి కాలవ పక్కన ఎడంగా నాటితే, ఒకదాన్ని దూడ తొక్కింది, ఏడు. ఆ ఏడూ అమ్మవి. మొదటిరోజు మంచం మీంచే చూసింది, మూడోరోజు గోడ పట్టుకుని వసారా దాకా వచ్చింది, వారం తిరక్కుండా చేతికర్రతో కాలవ పక్కన పీట వేయించుకుని కూర్చుంది. సరుకు కాబట్టి. తినే కూర అయితే ఉడత కొట్టుకుపోయినా ఊరుకునేదేమో. అమ్ముకునే దాన్ని ఒక్క ఆకు పోనివ్వదు. ఆకు నలిపి వాసన చూసి వంకాయ జాతే అని తేల్చింది. ఆకుపేనుకి బూడిద చల్లించింది. బంగళా తోట పనికి పోతూ వస్తూ జోజప్ప గోడ అవతల ఆగితే, మొదట కోడలి చేత అడిగించేది, తర్వాత తనే కేకేసేది.

"ఒరే జోజప్పా, కొమ్మ సందుల్లో పిలకలొస్తున్నాయి. ఉంచాలా, తియ్యాలా?"

"గిల్లెయ్యండమ్మా. అవి తింటాయిగానీ కాయవు."

"మా ఆదిశేషు బావమరిదిలాగా అన్నమాట," అంది అమ్మ, లోపల కనకలక్ష్మికి వినపడేలా. గిన్నె ఠప్పుమని కింద పెట్టిన చప్పుడు. ఆ రోజు ఆదిశేషయ్య అన్నంలో ఉప్పు ఎక్కువైంది. అయినా, జబ్బుపడ్డాక అమ్మ మొదటిసారి ఒకళ్ళని ఎత్తిపొడిచింది అని లోపల ఖాతాలో జమ వేసుకున్నాడు, బావమరిదిని ఖర్చు రాసుకున్నాడు.

కార్తీకంలో రెండురోజులు గాలివాన పట్టింది. తెల్లారి చూస్తే ఏడు మొక్కలూ బురదలో పడున్నాయి, అప్పుడప్పుడే పూత. జోజప్ప గోడ అవతల కంది కట్టెల మోపు దించి, ఒక్కొక్కటి అందిస్తాను కట్టించండి అన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఈ సందులో నడిచే మనిషి, గోడకి ఇవతల ఎప్పుడూ కాలు పెట్టలేదు, పెట్టమని ఎవరూ అనలేదు, ఆదిశేషయ్య కూడా అనలేదు, గింజలు గోడ మీంచే తీసుకున్నాడు, చింతపండు గోడ మీంచే ఇచ్చాడు, అది ఒక విషయమని తోచను కూడా లేదు. అమ్మ కర్ర పోటు వేసుకుంటూ వెళ్ళి దొడ్డి తలుపు గడియ తీసింది. "నువ్వు గోడ మీంచి విసిరితే మొక్కల నడుం విరుగుతుంది. లోపలికొచ్చి నువ్వే కట్టు." అంతే, ఇంకో మాట లేదు. జోజప్ప చెప్పులు బయట విడిచి వచ్చి, అరటినారతో కాడకి మెడ నొక్కకుండా వదులుగా ముళ్ళు వేశాడు. అమ్మ పీట మీద కూర్చుని చూసింది. ఆ మర్నాడు గడియ ఎవరూ వెయ్యలేదు, ఇవాళ్టికీ వెయ్యలేదు, తను దొంగలా లోపలికి రావడానికి పనికొచ్చింది. ఇది ఏ పద్దు కింద రాయాలో ఆయనకి తెలియక అలాగే ఉంచేశాడు.

ఇంకా చప్పుడు లేదు. చాలాసేపైనట్టు ఉంది, అయ్యిందా? బావిలో నీళ్ళ మీద ఎండ బిళ్ళ ఒకటి వణుకుతోంది. మామూలుగా అయితే ఈపాటికి రెండు దెబ్బలూ పడిపోయేవి. పడలేదు అంటే? తొందరపడకు. విస్తరి ముందు కూర్చుని కళ్ళు మూసుకుందేమో, నీరసం, పొద్దుట్నుంచి ఆ గంప ముందే కూర్చుంది కదా.

పొద్దున. తలుచుకుంటే మళ్ళీ నవ్వు, మళ్ళీ గుండెలో ఒక పోటు, రెండూ కలిసే వస్తున్నాయి. కొత్త చింతపండు బయానా కోసం రెండురోజులు కొండల వైపు వెళ్ళాడు. ఒకప్పుడు నిజాం సరిహద్దు సుంకం నాకా దగ్గర బస్తా బస్తాకీ ఆపేవాళ్ళు, ఇప్పుడు అటూ ఇటూ ఒకే రాష్ట్రం, కొత్త పైసలు కూడా వచ్చేశాయి, నాకా గుడిసెలో ఎవరో మేకల్ని కట్టుకున్నారు. మొదటి బస్సుకి దిగి, మొహం కడుక్కోకుండా నేరుగా పెరట్లోకి వచ్చాడు, వెళ్ళేటప్పుడు పచ్చగా ఉన్నవి ఈపాటికి ఎర్రబడి ఉంటాయని, దారి పొడుగునా అదే ఊహ, ఒకటి కోసి ముక్క ఉప్పులో అద్ది అమ్మ ఎదురుగా తను తింటాడు, తిని చావకుండా నిలబడతాడు, చూస్తూ చూస్తూ అమ్మే... ఏడు మొక్కలూ బోడిగా ఉన్నాయి.

"అమ్మా, కాయలేవీ?"

"లోపల ఎరుపంటే సరే, పైన తొక్క కూడా రంగు తిరిగిపోయిందిరా. నువ్వా, ఊళ్ళో లేవు. వంకాయ పండుబారితే ఎవడు కొంటాడు? మెత్తబడ్డాయి కూడాను. పాడైనవన్నీ గేదె కుడితిలో వేయించా. మిగతావి ముదరకముందే కోయించి గంపలో పోయించా. సరుకు గాలికొదిలేసి ఊళ్ళు తిరుగు. నీకు వ్యాపారం ఎవడు నేర్పాడ్రా?"

"నువ్వేనమ్మా."

"నేను నేర్పితే ఇలా ఏడవదు."

గోడ దగ్గర జోజప్ప తల కనిపించింది. బంగళాలో ఎవరో అధికారి దిగాడని రెండురోజులుగా ఇటు రాలేదట. కుడితి తొట్టిలో తేలుతున్న ఎర్ర తొక్కలు చూసి తలుపు తోసుకుని లోపలికే వచ్చేశాడు. "అమ్మా, ఇవి పండాకే కొయ్యాలమ్మా. ఎరుపే దీని పదును. ఎన్నేశారు?"

"పంతొమ్మిది," అంది కనకలక్ష్మి.

"డిప్టీ కలెక్టరుగారి పళ్ళెంలోకి పోయే సరుకమ్మా. గేదెకి పెట్టారా!"

"కలెక్టరుకన్నా నా గేదె నయంరా, పాలన్నా ఇస్తుంది," అంది అమ్మ వెంటనే. కానీ ఆ మాట అన్నాక మొహం పడిపోయింది. ఆదిశేషయ్య చూశాడు. కూర మాట వేరు, సరుకు పాడుచెయ్యడం వేరు. డెబ్బయ్యేళ్ళలో అమ్మ చేతుల్లో పాడైన సరుకు లేదు. తడిసిన చింతపండు కూడా ఎండబెట్టి, ఉప్పు కలిపి, నిలవ పెట్టి అమ్మింది. వెళ్ళి మంచమెక్కి గోడవైపు తిరుగుతుంది, అంతే, నాలుగు నెలల పని కుడితి పాలు అనుకున్నాడు. నోరు విప్పి, ఫర్వాలేదమ్మా అనబోయాడు, అనలేదు, ఎందుకాగాడో తెలియదు, ఆగాడు. అమ్మ కర్ర పక్కన పెట్టి గంప ముందు కూర్చుంది. ఒక పచ్చికాయ తీసింది. నిగనిగలాడుతూ, గట్టిగా, తొడిమ దగ్గర ఇంకా నూగు. గోరు గుచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అక్కడే ఉంచుకుంది.

"ఇది పులుపురా," అంది, ఎవరితోనో తెలియకుండా.

తర్వాత కోడలివైపు తిరిగింది. "ఎర్రది వంటింట్లోకి రాకూడదన్నాను. పచ్చిది రాకూడదన్నానా?"

"అనలేదత్తయ్యా."

"నూనెలో మగ్గించు. నాలుగు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు. రోట్లో కచ్చాపచ్చాగా నూరు, మెత్తగా కాదు. చింతపండు నలుసు తగలనివ్వకు, ఆ వైద్యుడు ఏడుస్తాడు."

"ఎవరు తింటారత్తయ్యా?"

"సరుకు చెడగొట్టినవాళ్ళు," అంది అమ్మ, లేచి స్నానానికి పోతూ.

శిక్ష వేసుకుంది. అందుకే ఈ భయం. శిక్ష అయితే నాలుగు ముద్దలు మింగి, ఠంగు ఠంగు, అయిపోయింది, బాకీ తీరింది అంటుంది. తిన్నట్టే లెక్క, కానీ లెక్కలోకి రాదు. ఒక దెబ్బ కావాలి ఆయనకి, రెండు కాదు. ఏ బేరంలోనూ ఇంత తక్కువ అడిగి ఇంత వణకలేదు. ఊరికే కూర్చోలేక దగ్గరి మొక్క పాదులో ఎండిన ఆకులు ఏరుతున్నాడు, ఆకుల వాసన చేతికి పచ్చగా అంటుకుంటోంది, ఘాటు, గోళ్ళు పసుపు తిరుగుతున్నాయి. అడుగు కొమ్మ, నేలకి ఆనుకుని, ముడుచుకున్న ఆకు కింద వేళ్ళకి ఏదో నున్నగా తగిలింది. ఎండకి వెచ్చగా ఉంది. పాదు మీదికి వంగి ఆకు ఎత్తాడు. ఎర్రది. ఒకే ఒక్కటి, అమ్మ కంటికీ, కోసినవాళ్ళ చేతికీ దొరక్కుండా, నేలవైపు మొహం పెట్టుకుని పూర్తిగా పండింది. తాకగానే చేతిలోకి ఊడి వచ్చింది, లాగనక్కర్లేకపోయింది.

ఠంగు.

ఆదిశేషయ్య కదల్లేదు. ఒకటి. రెండోది వస్తుంది. మజ్జిగ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, అయిదేళ్ళవాడు, తొందరపడకు, ఆ చూపు గుర్తులేదూ, ఆగు, ఒకటి తర్వాత రెండోదానికి ఎంతసేపు పడుతుంది, రెప్పపాటు, రెప్ప వెయ్యలేదు, గేదె తోక విదిల్చింది, కాకి మళ్ళీ వచ్చింది, అరవకు, అరవకు, కాకి అరవలేదు, బావిలో ఎండ బిళ్ళ వణకడం మానేసింది, చెయ్యి ఎత్తి ఉంటుంది, కణుపు చెంబు మీదికి దిగుతూ ఉంటుంది, ఇప్పుడు, ఇప్పుడు.

రాలేదు.

లోపల గాజులు ఒక్కసారిగా పరుగెత్తాయి. గరిటె గిన్నెకి తగిలింది. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు, ఒకసారే లెక్కపెట్టిన సరుకు. చేతిలో పండు చితికిపోతుందేమోనని వేళ్ళు వదులు చేసి కూర్చున్నాడు. పొద్దు కొంచెం జరిగింది, గోడ నీడ చప్టా అంచు దాకా వచ్చింది. ఠంగు, మళ్ళీ. ఒకటే. ఈసారి గట్టిగా, విసుగ్గా, వడ్డించేవాళ్ళు ఎక్కడ చచ్చారన్నట్టు. ఆ విసుగు! నాలుగు నెలలుగా ఈ ఇంట్లో వినపడని పాత విసుగు, జ్వరానికి ముందు రోజూ పడిన విసుగు, దాన్ని విని గేదె మెడ కావలించుకుందామా అనిపించింది, మూతికి అంటిన తొక్క చూసి ఆగాడు. కళ్ళు ఎందుకో తడయ్యాయి, పచ్చిమిరపకాయ ఘాటు ఇక్కడిదాకా వచ్చిందనుకున్నాడు. ఆ తర్వాత ఎంతో సేపటికి, తీరిగ్గా, తిన్న మనిషి కొట్టినట్టు, ఠంగు, ఠంగు. మజ్జిగ.

అమ్మ చెయ్యి కడుక్కుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. కొడుకుని చూసి కర్ర నేలకి తాటించింది.

"కొట్లో బేరమన్నావు?"

"ఇక్కడే తెగిందమ్మా."

"ఉప్పు ఒక పిసరు తగ్గింది," అంది. పైటచెంగుతో మూతి తుడుచుకుంది. "నీ చింతపండంత లేదులే."

"లేదమ్మా."

"దానికీ దీనికీ పోలికేంటి. ఇది వేరు." కాసేపు ఎండలో నిలబడింది. "గంపలో ఇరవై పక్కన పెట్టమను. మిగతావి కావాలంటే నీ బంగళా వాడికి అమ్ముకో." అప్పుడు ఆయన చేతిలోది కనపడింది. కర్ర ఆగింది. ఆదిశేషయ్య దాచనూ లేదు, చూపించనూ లేదు, అరచెయ్యి అలాగే తెరిచి ఉంచాడు.

"అదొకటి మిగిలిందా?"

"ఆకు కింద ఉందమ్మా."

"ఇటివ్వు. పండుబారింది గింజకి పనికొస్తుంది. ఏ వంకాయనైనా ఒకటి వదిలేది అందుకే కదరా, తీరా నా దాకా వచ్చేసరికి మర్చిపోయాను." పండు తీసుకుని ఎండకి ఎత్తి చూసింది, అటు తిప్పి, ఇటు తిప్పి, కొత్త సరుకు చూసినట్టు. "ఇక్కడ పెడితే ఉడత ఎత్తుకుపోతుంది. వంటింటి కిటికీలో పెడతా. రెండురోజులు వెలుతురు తగలాలి." కర్ర చప్పుడు గడప దాటింది. ఎర్రది కూడా దాటింది. బేరం కుదిరే వేళ మాట్లాడి చెడగొట్టుకునేవాణ్ణి వ్యాపారి అనరు. లోపల్నుంచి మాత్రం కేక వినపడింది. "గింజలు తీసేటప్పుడు నువ్వు దగ్గరికి రాకు. నీ లెక్కలతో చేతివేడికి చంపేస్తావు. నేను లెక్కపెడతా."

ఆకలి వేసింది. లోపల ఆయనకి పీట వేస్తున్న చప్పుడు. రోట్లో పచ్చడి మిగిలి ఉంటే బాగుండు, మిగలకపోతే ఇంకా బాగుండు. ఆదిశేషయ్య చేతులు కడుక్కోవడానికి బావిలో చేద వేశాడు, అది దిగుతున్నంతసేపూ, మళ్ళీ నిండి పైకి వస్తున్నంతసేపూ పద్దు చూసుకున్నాడు. ఇచ్చింది: వీశె చింతపండు. పోయింది: రెండు గింజలు మొలవక, ఒక మొక్క పురుగుకి, ఒకటి దూడకి, పంతొమ్మిది పండ్లు గేదెకి. వచ్చింది: పచ్చికాయలు ఒక గంప. గడియ వెయ్యని దొడ్డి తలుపు. చెంబు మీద ఒకటి, మళ్ళీ ఒకటి. వంటింటి కిటికీలో ఒక పండు, దాని లోపల గింజలెన్నో అమ్మ చెప్పాలి.

కనకలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో రోలు తుడిచిన గిన్నె, అడుగున పెసరబద్దంత పచ్చడి.

"ఇంతే మిగిలిందండీ మీకు," అంది.